పళ్ల సెట్టు లోపలి వైపు ఎవరూ చూడటం లేదు

సంపాదకులు గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ పేపరు మడతలో ఒక రంగుల కరపత్రం వచ్చింది. "పొద్దున కొలత, సాయంత్రానికి పళ్ల సెట్టు" అని పెద్ద అక్షరాలు, కింద నోరంతా తెరిచి నవ్వుతున్న ఓ పెద్దాయన ఫొటో. ఇలాంటివి నెలకు రెండు మూడు వస్తూనే ఉన్నాయి కాబట్టి అది ఎవరిదన్నది నాకు ముఖ్యం కాదు. పళ్లు ఎంత తెల్లగా ఉంటాయో, డబ్బు ఎన్ని వాయిదాల్లో కట్టవచ్చో అందులో రాశారు. ఆ సెట్టు దేనితో చేస్తారో, ఎంతసేపు ఉడికిస్తారో మాత్రం ఒక్క ముక్క లేదు. ఆ ముక్క గురించే ఈ ఉత్తరం. కాస్త పొడుగవుతుంది, ఓపిగ్గా చదవమని మనవి.

నేను గుంటూరులో డెంటల్ టెక్నీషియన్ని. 1948 నాటి డెంటిస్టుల చట్టం మాకు పెట్టిన పేరు డెంటల్ మెకానిక్. డాక్టరు నోటి కొలత తీసి పంపితే దాని మీద సెట్టు చేసి పంపేది మేమే. పేషెంటు మమ్మల్ని చూడడు, మేం పేషెంటు నోరు చూడం. 34 ఏళ్లుగా ఇదే పని చేస్తున్నాను. నేను చేసిన సెట్టు ఒక మనిషి నోట్లో కొన్ని నెలలు గడిచాక ఎలా ఉంటుందో నాకు మొదటిసారి తెలిసింది మా అమ్మ దగ్గరే.

అమ్మకు 2013 సంక్రాంతి ముందు పైనా కిందా ఫుల్ సెట్టు చేశాను. పండక్కి మా అక్కవాళ్లు, మనవలు అందరూ వస్తున్నారు, ఆ లోపు నోట్లో పళ్లుండాలని ఆమె పట్టుదల. ల్యాబ్‌లో పండగ ముందు పని కొండలా ఉంది. అమ్మ సెట్టును రాత్రి పదకొండు దాటాక ప్యాక్ చేసి, అంటే ముద్దను అచ్చులో కూరి, తెల్లారేసరికి చేతికివ్వాలన్న తొందరలో ఆ అచ్చును బిగించిన ఇత్తడి ఫ్లాస్కును నేరుగా మరిగే నీళ్లలో దించేశాను. పొద్దున తీసి, రుద్ది, పాలిష్ పట్టి ఇచ్చాను. అద్దంలో చూసుకుని అమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది. భోగి నాడు అరిసె కొరికి తింది. చేతికి అంతకంటే ఏం కావాలి అనుకున్నాను.

ఆ ఏడు వానలు మొదలయ్యాక ఫోను. "అబ్బాయ్, నోరు మండుతోందిరా. గోంగూర పచ్చడి నాలిక మీద పెట్టుకోలేకపోతున్నా" అంది. వేడి చేసిందనుకుంది. సబ్జా గింజలు, బార్లీ నీళ్లు, మజ్జిగ అన్నీ అయ్యాయి. ఊళ్లో డాక్టరు బీ కాంప్లెక్స్ ఇచ్చాడు. తగ్గలేదు. పెదవుల చివర్లు పగిలి నోరు తెరిస్తే రక్తం చిమ్మేది. తెనాలిలో చూపిస్తే నోట్లో ఫంగస్ అని చెప్పి క్లోట్రిమజోల్ మౌత్ పెయింట్ రాశారు. పది రోజుల్లో తగ్గింది. నెల తిరక్కుండా మళ్లీ మొదలు. మళ్లీ పెయింట్, మళ్లీ మంట. మూడోసారి గుంటూరు తీసుకొచ్చి, మా ల్యాబ్‌కు పని పంపే ఒక డాక్టరమ్మకు చూపించాను. ఆవిడ డెంటల్ కాలేజీలో పాఠాలు కూడా చెబుతారు.

ఆవిడ పై సెట్టు తీయించి అంగిట్లోకి టార్చి వేసి, "మీరూ చూడండి" అని నన్ను పిలిచారు. అంగిలి మీద ఎర్రటి బొమ్మ ఉంది. సెట్టు అంచు ఎక్కడ ఆగిందో ఎరుపూ అక్కడే గీత గీసినట్టు ఆగింది. నేను మైనంలో చెక్కిన ఆకారమే, మా అమ్మ నోట్లో ఎర్ర రంగుతో అచ్చు వేసినట్టుంది. 34 ఏళ్ల పనిలో నేను మరిచిపోలేనిది అదొక్కటే.

ఆవిడ రెండు దూది పుల్లలు తీసుకున్నారు. ఒకటి అంగిటికి, ఒకటి సెట్టు లోపలి వైపుకు రాసి పరీక్షకు పంపారు. నాలుగు రోజుల తర్వాత రెండు గాజు పళ్లేలు నా ముందు పెట్టారు. అంగిటి నుంచి తీసినదాంట్లో మీగడ చుక్కల్లాంటి ఫంగస్ గుంపులు అక్కడక్కడా ఉన్నాయి. సెట్టు నుంచి తీసినదాంట్లో ఖాళీ లేదు. "మందు మీ అమ్మగారికి వేస్తున్నాం. రోగం సెట్టుకుంది" అన్నారావిడ.

ఆ సెట్టు ల్యాబ్‌కు తెచ్చి మా గురువుగారు నేర్పిన పరీక్ష చేశాను. ఆరబెట్టిన సెట్టు లోపలి వైపు నాలుగు చుక్కలు నీలి సిరా వేసి, కాసేపు ఆగి కుళాయి కింద కడిగాను. నున్నగా ఉన్నచోట సిరా జారిపోయింది. చిగురు మీద కూర్చునే మందపాటి చోట మాత్రం నీలం చుక్కలు మిగిలాయి. ఆవిరి కుడుము తుంచితే లోపల కనిపించే బొరియల్లాంటివి, సూదిమొన కంటే సన్నం. భూతద్దం పెట్టి లెక్కపెట్టడం మొదలుపెట్టి నలభై దగ్గర ఆపేశాను. అవి ఎందుకు వచ్చాయో నాకు తెలుసు. ఆ రాత్రి మరిగే నీళ్లు.

సెట్టు ఎలా తయారవుతుందో రెండు మాటలు చెప్పాలి, లేకపోతే ఇదంతా అర్థం కాదు. గులాబీ రంగు అక్రిలిక్ పౌడర్ మూడు పాళ్లు, లిక్విడ్ ఒక పాలు కలిపితే కాసేపటికి పిండి ముద్దలా అవుతుంది. దాన్ని అచ్చులో కూరి, ఇత్తడి ఫ్లాస్కులో బిగించి నీళ్లలో ఉడికిస్తాం. ఆ లిక్విడ్ మరిగేది దాదాపు 100 డిగ్రీల దగ్గర. పిండి గట్టిపడేటప్పుడు తనలో తనే వేడి పుట్టిస్తుంది. బయట నీళ్లు కూడా మరుగుతుంటే లోపలి లిక్విడ్ గట్టిపడే లోపే ఆవిరై బుడగలవుతుంది. మందం ఎక్కువున్న చోట వేడి బయటికి పోలేదు కాబట్టి బుడగలు అక్కడే ఎక్కువ. అందుకే పద్ధతి ఏమిటంటే, నీళ్లు 74 డిగ్రీల దగ్గర గంటన్నర, రెండు గంటలు నిలపాలి. ఆ తర్వాతే గంటసేపు మరిగించాలి. లేదా 74 దగ్గరే రాత్రంతా ఎనిమిది తొమ్మిది గంటలు ఉంచాలి. ఉడికాక ఫ్లాస్కు ఆ నీళ్లలోనే చల్లారాలి. తొందరగా ఉడకడానికే తయారుచేసిన ప్రత్యేక పౌడర్లు కొన్ని ఉన్నాయి, వాటి లెక్క వేరు. మామూలు పౌడర్‌ను ఆ లెక్కలో ఉడికించడమే తప్పు. నేను చేసింది అదే.

మా గుంటూరు ఎండలు ఇంకో చిక్కు తెస్తాయి. మే నెలలో మధ్యాహ్నం లిక్విడ్ పోసి కలిపేలోపే ముద్ద గట్టిపడిపోతుంది. ఏసీ లేని ల్యాబ్‌లో కుర్రాడు ఏం చేస్తాడు? ఇంకాస్త లిక్విడ్ పోస్తాడు. పని సులువవుతుంది కానీ సెట్టు ముడుచుకుపోతుంది, బుడగలు పెరుగుతాయి, గట్టిపడని లిక్విడ్ లోపల మిగిలిపోతుంది. మేం ఇప్పుడు ఎండాకాలం ప్యాకింగ్ పని పొద్దున ఎనిమిది లోపే ముగిస్తున్నాం. ఇది చెబితే పెద్ద విషయంలా ఉండదు. పేషెంటుకు మాత్రం పెద్ద విషయమే.

సెట్టుకు రెండు ముఖాలుంటాయి. బయటి ముఖానికి ప్యూమిస్ అనే రాతి పొడి వేసి తిరిగే చక్రం మీద అద్దంలా పాలిష్ పడతాం. లోపలి ముఖానికి పట్టం, పట్టకూడదు కూడా, ఎందుకంటే అది నోటి అచ్చుకు వెంట్రుకవాసి తేడా లేకుండా సరిపోవాలి. అంటే లోపలి వైపు ఎంత నున్నగా ఉంటుందన్నది పూర్తిగా అచ్చు ఎంత శుభ్రంగా ఉంది, అచ్చుకు పూసే సీల్ ద్రవం సరిగా ఆరిందా, పిండి బాగా నొక్కామా, నిదానంగా ఉడికిందా అన్న వాటి మీదే ఆధారపడుతుంది. సెట్టు చేతికొచ్చినప్పుడు అందరూ చూసేది పళ్ల తెలుపు, వరస. సెట్టును తిప్పి లోపల చూసినవాణ్ని ఇన్నేళ్లలో నేను ఒక్కణ్నీ చూడలేదు. క్లినిక్కులో కూడా అంతే. నొప్పి పెడుతోందంటే ఆ చోట బర్‌తో, అంటే గిర్రున తిరిగే మిషను మొనతో, గీకి తిరిగి ఇచ్చేస్తారు. గీకిన గరుకును మళ్లీ నున్నగా చేసే ఓపిక అందరికీ ఉండదు.

ఇక ఆ ఫంగస్ సంగతి. కాండిడా అల్బికాన్స్ అని దాని పేరు. ఈస్టు జాతిదే. ఎందరో ఆరోగ్యవంతుల నోట్లో ఏ హానీ చేయకుండా ఉంటుంది. ఒక కణం సైజు నాలుగైదు మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). మా అమ్మ సెట్టులో సూదిమొనంత బొరియ మనకు చుక్క, దానికి మాత్రం విశాలమైన గది. బ్రష్షు వెంట్రుక అందులోకి దూరదు. పై సెట్టు అంగిటికి అతుక్కుని ఉంటుంది కాబట్టి ఉమ్మి కూడా అక్కడికి వెళ్లి కడగదు. అందుకే ఈ జబ్బు కింది సెట్టు కంటే పై సెట్టు కిందే ఎక్కువ. గుండ్రటి కణం అక్కడ తీగలు సాగి, బ్యాక్టీరియాతో కలిసి జిగురు పొర కట్టుకుంటుంది. మౌత్ పెయింట్ ఆ పొర లోపలికి అంతగా దిగదు. పెయింట్ ఆపగానే సెట్టులో దాక్కున్నది మళ్లీ అంగిటికి ఎక్కుతుంది. అమ్మకు మళ్లీ మళ్లీ తిరగబెట్టింది అందుకే.

పాచి పట్టడం గురించి పరిశోధనలు చేసినవాళ్లు ఒక కొలత చెబుతారు. గరుకు 0.2 మైక్రాన్ల లోపు ఉంటే, అంతకంటే ఎంత నున్నగా చేసినా పాచి తగ్గడంలో పెద్ద తేడా రాదు. అది దాటిందా, పాచి పెరుగుతూ పోతుంది. చేత్తో చేసిన సెట్టు లోపలి వైపు ఆ హద్దు దాటకుండా చూడటం మామూలు పని కాదు.

మా గురువుగారి సొరుగులో ఒక పాత వల్కనైట్ సెట్టు ఉండేది. రబ్బరును గంధకంతో ఉడికించి చేసే రకం, 1850ల నుంచి దాదాపు ఎనభై తొంభై ఏళ్లు లోకమంతా అవే పెట్టుకుంది. ముదురు గోధుమ రంగు. ముక్కు దగ్గర పెట్టుకుంటే అన్నేళ్ల తర్వాత కూడా వాసన వచ్చేది. 1930ల చివర్లో అక్రిలిక్ వచ్చి దాన్ని తుడిచిపెట్టేసింది. గురువుగారు దాన్ని మాకు చూపించి, "మెటీరియల్ మారింది కదా అని నీ చేతి పని మారకూడదు" అనేవారు. ఆయన ఇప్పుడు లేరు. ఆ సెట్టు నా దగ్గరే ఉంది.

ఇవాళ మార్కెట్లో ఉన్న రకాల గురించి నా చేతికి తెలిసింది చెబుతాను. డాక్టర్లు ఇంకా బాగా చెప్పగలరు.

కోల్డ్ క్యూర్ అనే రకం వేడి లేకుండా గట్టిపడుతుంది. విరిగిన సెట్టు అతకడానికి వాడతాం. బాగా ఉడికిన అక్రిలిక్‌లో మిగిలే లిక్విడ్ అర శాతం లోపు ఉంటే, దీంట్లో మూడు నుంచి అయిదు శాతం దాకా ఉండొచ్చు. బొరియలూ ఎక్కువే. రిపేరుకు సరే. సెట్టు మొత్తం దానితో చేసి సాయంత్రానికి ఇచ్చేస్తే మాత్రం పేషెంటుకు ఆ తేడా చెప్పి తీరాలి.

ఫ్లెక్సిబుల్ సెట్టు అని ఖరీదు ఎక్కువ చెప్పి ఇస్తున్నది నైలాన్ రకం. విరగదు, తేలిక, లోహపు కొక్కేలు కనపడవు, కొందరికి నిజంగానే నప్పుతుంది. కానీ పాలిష్ పట్టడం చాలా కష్టం. పాలిష్ చక్రం కాస్త గట్టిగా తగిలితే పోగులు లేస్తుంది. ఏడాది వాడిన ఫ్లెక్సిబుల్ సెట్టును గోటితో రాస్తే ఆ గరుకు తెలుస్తుంది. నైలాన్ మీద కాండిడా అక్రిలిక్ కంటే ఎక్కువగా అంటుకుందని చెప్పిన పరీక్షలు చాలానే ఉన్నాయి. రేటు ఎక్కువ కాబట్టి శుభ్రం కూడా ఎక్కువే అనుకుంటున్నారు జనం. నాకు బాధ కలిగించేది అదే.

అన్నిటికంటే జాగ్రత్తగా ఉండాల్సింది మెత్తటి లైనర్. దవడ ఎముక అరిగిపోయి సెట్టు గుచ్చుకుంటోందని లోపల మెత్తటి పొర వేస్తారు. హాయిగా ఉంటుంది. అందులో తాత్కాలికంగా వేసే రకాన్ని కొన్ని రోజులకో, కొద్ది వారాలకో మార్చాలి. ఒక పెద్దాయన సెట్టు రిపేరుకని నా దగ్గరికి వచ్చింది. లైనర్ వేసి రెండేళ్లయిందట. స్పాంజిలా పగుళ్లిచ్చి, మధ్యలో నల్లటి మచ్చలు, పాత గోడ మీది బూజు లాగా. ఆ డబ్బా మూత తీసినప్పుడు పక్క బల్ల మీద పనిచేస్తున్న కుర్రాడు లేచి కిటికీ తెరిచాడు. ఆ పెద్దాయనకు మార్చాలని ఎవరూ చెప్పలేదు. చెప్పివుంటే మార్చుకోడా?

కంప్యూటర్ సెట్లు వచ్చి కొన్నేళ్లయింది. వాటిలో రెండు రకాలున్నాయి, జనం రెండూ ఒకటే అనుకుంటారు. ఒకటి మిల్లింగ్. ఫ్యాక్టరీలో ఎక్కువ ఒత్తిడి మీద ముందే గట్టిపరిచిన అక్రిలిక్ డిస్కును మిషను చెక్కుతుంది. ఉడికించే పని మన చేతిలో లేదు కాబట్టి బుడగల బెడద చాలా తక్కువ, మిగిలిన లిక్విడ్ కూడా తక్కువే. ల్యాబ్ పరీక్షల్లో చాలావాటిలో కాండిడా వీటి మీద తక్కువగా పట్టింది. నేను హైదరాబాద్ పంపించి ఇలా నాలుగు సెట్లు చేయించాను. సిరా వేస్తే మొత్తం జారిపోయింది. రెండోది ప్రింటింగ్. ద్రవాన్ని వెలుతురుతో పొర మీద పొరగా గట్టిపరుస్తారు. ఒక్కో పొర మందం 50 నుంచి 100 మైక్రాన్లు. పొరకూ పొరకూ మధ్య మెట్టు ఏర్పడుతుంది. అయిదు మైక్రాన్ల కణానికి ఆ మెట్టు చాలు, ఆనుకుని కూర్చుంటుంది. సెట్టును ఏ కోణంలో నిలబెట్టి ప్రింట్ చేశారు, ఆ తర్వాత ఆల్కహాల్‌లో సరిగా కడిగారా, లైటు పెట్టెలో చెప్పినంతసేపు ఉంచారా అన్నదాన్ని బట్టి ఫలితం మారిపోతుంది. అందుకే ప్రింట్ సెట్ల మీద పరీక్షల ఫలితాలు ఒక్కోచోట ఒక్కోలా వచ్చాయి. చాలావాటిలో మిల్లింగ్ కంటే వెనకబడ్డాయి. "డిజిటల్ సెట్టు" అని చెబితే ఏ డిజిటల్ అని అడగండి. ఇంకో మాట, ఈ పరీక్షల్లో ఎక్కువ భాగం చిన్న బిళ్లల మీద గాజు పళ్లేల్లో చేసినవి. నోట్లో ఉమ్మి, తిండి, సంవత్సరాల వాడకం అన్నీ కలుస్తాయి.

వెండి నానో కణాలు కలిపి ఫంగస్ పట్టని అక్రిలిక్ చేయాలని ప్రయత్నాలు జరుగుతున్నాయి. అవి వచ్చినప్పుడు చూద్దాం.

నా చేతిలో ఉన్నది ఇప్పటికీ పాత ఇత్తడి ఫ్లాస్కే. నిదానంగా ఉడికించిన మామూలు అక్రిలిక్ సెట్టు చాలామందికి సరిపోతుందని నా నమ్మకం. అమ్మకు రెండో సెట్టు దానితోనే చేశాను, రాత్రంతా 74 దగ్గర పెట్టి. పొద్దున్నే లేచి ఫ్లాస్కు చల్లారేదాకా పక్కనే కూర్చున్నాను. సిరా పరీక్ష చేసి, రెండే చుక్కలు మిగిలితే ఆ రెండు చోట్లా సరిచేసి పంపాను. డాక్టరమ్మ పాత సెట్టు పక్కన పెట్టించి, రెండు వారాలు మందు వేసి, అంగిలి మామూలు రంగుకు వచ్చాకే కొత్తది పెట్టారు.

తప్పంతా సెట్టుదే అంటే అదీ నిజం కాదు. ఆ రోజు డాక్టరమ్మ అడిగిన మొదటి ప్రశ్న, "రాత్రిపూట తీస్తారా అమ్మా?" అమ్మ తల వంచుకుంది. తొమ్మిది నెలల్లో ఒక్క రాత్రి కూడా తీయలేదు. "పొద్దున్నే పిల్లలు లేచి బోసి నోరు చూస్తే జడుసుకుంటారని" అంది. రాత్రి తీయాలని నేను ఆమెకు చెప్పలేదు. సెట్టు చేసేవాణ్ని, కొడుకుని, నేనే చెప్పలేదు. జపాన్‌లో 85 ఏళ్లు దాటిన 524 మందిని మూడేళ్లు గమనించి 2015లో ఒక పరిశోధన ప్రచురించారు. సెట్టు పెట్టుకునే నిద్రపోయేవాళ్లకు న్యుమోనియా ముప్పు దాదాపు రెండింతలని తేలింది. మా అమ్మకు అప్పటికి షుగర్ కూడా ఉంది. షుగర్ ఉన్నవాళ్లు, ఆయాసానికి స్టెరాయిడ్ ఇన్‌హేలర్ పీల్చేవాళ్లు, మందుల వల్ల నోరు ఎండిపోయేవాళ్లు, పొగ తాగేవాళ్లు మరింత జాగ్రత్తగా ఉండాలి. ఇన్‌హేలర్ వాడాక నోరు పుక్కిలించాలి.

కడగడంలోనూ పొరపాట్లున్నాయి. పళ్లపొడి, బొగ్గుపొడి, ఉప్పు వేసి తోమేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. పేస్టు కూడా అక్రిలిక్‌ను గీస్తుంది. ఆ గీతల్లో పాచి పడుతుంది. మెత్తటి బ్రష్షు, గిన్నెలు తోమే లిక్విడ్ సబ్బు చుక్క, మామూలు నీళ్లు చాలు. లోపలి వైపు ముందు తోమండి. కింద పడితే విరగకుండా సింకులో నీళ్లు పెట్టుకుని తోమండి. రాత్రి మూత ఉన్న డబ్బాలో చల్లటి నీళ్లు పోసి అందులో వేయండి, నీళ్లు రోజూ మార్చండి. వేడినీళ్లు పోయకండి, వంకర పోతుంది. బ్లీచింగ్ ద్రావణంలో నానబెట్టమని ఎవరైనా చెబితే ఎంత పలచగా, ఎన్ని నిమిషాలు అన్నది డాక్టర్నే అడగండి. పది నిమిషాలు దాటకూడదు, లోహం ఉన్న సెట్టుకు అది పనికిరాదు. విరిగితే బజారు గమ్ముతో అతికించుకోవద్దు. ముఖ్యంగా, ఈ జబ్బు చాలామందికి నొప్పి పెట్టదు. మా అమ్మకు మండింది కాబట్టి బయటపడింది. మండకపోయినా ఏడాదికోసారి సెట్టు తీసి అంగిలి చూపించుకోవాలి.

నేను అడిగేది ఒక్కటే. కళ్లజోడు కొంటే పవర్ రాసి చీటీ ఇస్తారు. సెల్‌ఫోన్ కొంటే పెట్టె మీద అన్నీ ఉంటాయి. రోజుకు పదహారు గంటలు ఒంటికి అతుక్కుని ఉండే పళ్ల సెట్టుకు ఎందుకు ఉండదు? బ్రిటన్‌లో పేషెంటు కోసం చేసిన సెట్టుకు తయారీ వివరాల కాగితం ఉంటుంది, అడిగితే ఇచ్చి తీరాలి. మన దగ్గర కూడా ప్రతి సెట్టుతో తెలుగులో ఒక చీటీ రావాలి. ఏ మెటీరియల్, ఏ పద్ధతి, ఎంతసేపు ఉడికింది, ఏ తేదీన చేశారు, లైనర్ ఉంటే ఎప్పుడు మార్చాలి, రాత్రి తీయాలి, ఎలా కడగాలి. పోస్టుకార్డంత కాగితం. రెండు రాష్ట్రాల ప్రభుత్వాలూ, డెంటల్ డాక్టర్ల సంఘాలూ దీని గురించి ఆలోచించాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. ల్యాబ్‌లు నడిపే నా తోటివాళ్లకు కూడా ఒక మాట. క్లినిక్కు రేపటికి కావాలంటుంది, మనం సరే అంటాం. ఎల్లుండి అని చెప్పడం మనమే మొదలుపెట్టాలి. నేను చెబుతున్నాను. దానివల్ల ఇద్దరు డాక్టర్లు నాకు పని ఆపేశారు, మిగతావాళ్లు ఆగుతున్నారు.

నా ల్యాబ్ నుంచి వెళ్లే ప్రతి సెట్టుతో అలాంటి చీటీ పంపిస్తున్నాను. కొన్ని క్లినిక్కులు దాన్ని పేషెంటుకు ఇస్తున్నాయి, కొన్ని పక్కన పడేస్తున్నాయని తెలుసు. అది పేషెంటు చేతికి చేరాలంటే పేషెంటే అడగాలి. అడగాలని వాళ్లకు తెలియాలంటే మీలాంటి పత్రిక రాయాలి.

మీ ఆరోగ్యం పేజీలో పళ్ల సెట్టు ఫొటో వేసినప్పుడల్లా పళ్ల వైపే వేస్తున్నారు. ఒక్కసారి లోపలి వైపు వేయండి. అమ్మ మొదటి సెట్టు నేను పారేయలేదు, సిరా చుక్కలతో అలాగే ఉంది. మీ ఫొటోగ్రాఫరును ఎప్పుడైనా పంపండి. ఆ సెట్టు, గురువుగారి వల్కనైట్ సెట్టు, ఒక మిల్లింగ్ సెట్టు మూడూ బోర్లా పక్కపక్కన పెట్టి చూపిస్తాను. పొద్దున ఎనిమిది దాటాక వస్తే మంచిది, ఆ లోపు ప్యాకింగ్‌లో ఉంటాం.

ఇట్లు,
ఒక డెంటల్ టెక్నీషియన్,
గుంటూరు.